పాలిమర్ నెట్‌వర్క్‌ల మీద పనిచేసే మోనెట్ సెంటర్ ఏం సాధించింది? రీట్రేడింగ్ షాపులో పెరిగిన నా జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "నేను ఒంగోలులో బీఎస్సీ చదువుతున్నాను. పాలిమర్ నెట్‌వర్క్‌ల మీద అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు కలిసి మోనెట్ అనే సెంటర్ నడుపుతున్నాయని మా లెక్చరర్ చెప్పారు. వాళ్ళు నిజంగా సాధించిందేమిటి? మన వైపు వాళ్ళకి దాంతో ఏమైనా పనుంటుందా?"

మా నాన్నకి ఒంగోలులో కర్నూలు రోడ్డు మీద టైర్ల రీట్రేడింగ్ షాపు. అంటే అరిగిన టైరు మీద ట్రెడ్, అదే రోడ్డుకి తగిలే పై రబ్బరు పొర, కొత్తది వేసే పని. ఇప్పుడు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. ఆ రోడ్డు పట్టుకునిపోతే చీమకుర్తి వస్తుంది. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ క్వారీల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. మాకొచ్చే టైర్లలో సగం ఆ క్వారీల టిప్పర్లవే. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, కొన్నాళ్ళు పాలిమర్ల ల్యాబులో పనిచేసి, ఇప్పుడు డిగ్రీ పిల్లలకి పాఠాలు చెప్తున్నా. మోనెట్ వాళ్ళు తేల్చిన సంగతి నా బుర్రకి ఎక్కింది పేపర్లు చదివినందుకు కాదు, షాపులో జరిగిన ఒక నష్టం గుర్తున్నందుకు. అందుకే ముందు అదే చెప్తాను.

హైవే మీద తిరిగే లారీ టైరు అరుగుతుంది. బటన్లు, అంటే ట్రెడ్ మీది గళ్ళు, అరిగి అరిగి గుండైపోయాక మా దగ్గరికి వస్తుంది. క్వారీలో తిరిగే టిప్పర్ టైరు అరిగేదాకా బతకదు, తెగుతుంది. గ్రానైట్ చెక్కల అంచులు బ్లేడులా ఉంటాయి. టైరు వాటి మీద ఎక్కి దిగినప్పుడల్లా ఒక గాటు. మా నాన్న టైరుని పక్కకి పడేసి, చుట్టూ తిప్పుతూ, ప్రతి గాట్లోనూ బొటనవేలి గోరు పెట్టి చూసేవాడు. గోరు సగం దిగితే "పర్లేదు" అనేవాడు. మొత్తం దిగి, లోపల ఇంకా మెత్తగా తగిలితే ఆ టైరు పక్కన పెట్టేసేవాడు. గాటు ఎంత లోతుందన్నది ఒక్కటే కాదు, రేపు ఎంత పెరుగుతుందన్నది ఆయన లెక్క.

నేను ఇంటర్ చదివేటప్పుడు సరుకు ఇచ్చేవాళ్ళు ఒక కొత్త రకం ట్రెడ్ రబ్బరు తెచ్చారు. మామూలు దానికన్నా గట్టిది, త్వరగా అరగదు అన్నారు. హార్డ్‌నెస్ మీటరు పెట్టి నొక్కితే ముల్లు నిజంగానే ఎక్కువ చూపించింది. నాన్న ఆశపడి హైవే లారీలకీ వేశాడు, క్వారీ టిప్పర్లకీ వేశాడు. లారీల వాళ్ళు సంతోషించారు. మూడు వారాలు తిరగకముందే ఒక టిప్పర్ డ్రైవరు టైరు దొర్లించుకుంటూ వచ్చాడు. బటన్లు అరగలేదు, చెక్కలు చెక్కలుగా ఊడిపోయాయి. కొన్నిచోట్ల అరచేతిలో సగమంత ముక్క లేదు. "అన్నా, ఇది రబ్బరా, పప్పుచెక్కా?" అని అడిగాడు. నాన్న మాట్లాడకుండా మామూలు రబ్బరుతో మళ్ళీ వేయించి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. అలాంటివి ఇంకో ఐదు వచ్చాయి. ఆ రాత్రి అన్నం తింటూ నన్నడిగాడు: "గట్టిది ఎందుకు తెగిందే? మెత్తది ఎట్ట ఆగింది?" నేను అప్పుడే కెమిస్ట్రీలో మంచి మార్కులు తెచ్చుకున్నా. నా దగ్గర జవాబు లేదు.

ఇక నెట్‌వర్క్ దగ్గరికి వద్దాం. పచ్చి రబ్బరు అంటే పొడుగాటి దారాల్లాంటి అణువుల కుప్ప. ఆ దారాలనే పాలిమర్లు అంటారు. దారానికీ దారానికీ మధ్య ముడి లేదు కాబట్టి ఎండకి జిగురవుతుంది, లాగితే సాగి అలాగే ఉండిపోతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడి చేస్తే దారాల మధ్య ముళ్ళు పడ్డాయి. అప్పుడది వల అయింది. కొత్తపట్నం ఒడ్డున ఆరేసిన వల చూశారుగా, అలాంటిదే, కాకపోతే అన్ని దిక్కులా అల్లుకున్నది, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియనిది. ఒక టైరు ట్రెడ్ మొత్తం దాదాపు ఒకే అణువు అనుకోవచ్చు. పుస్తకాల్లో క్రాస్‌లింక్ అని రాసేదాన్ని నేనిక్కడ ముడి అంటాను.

ముళ్ళు ఎక్కువ పడితే రబ్బరు బిగుస్తుంది, గట్టిపడుతుంది. కానీ ముడికీ ముడికీ మధ్య దారం పొట్టిదవుతుంది. 1967లో లేక్, థామస్ అనే ఇద్దరు దీనికో లెక్క కట్టారు. పగులు ముందుకు పోవాలంటే దాని దారిలో అడ్డొచ్చే దారాలు తెగాలి. దారం తెగేది ఒక్కచోటే అయినా, తెగే ముందు దాని పొడుగునా ఉన్న బంధాలన్నీ లాగబడి ఉంటాయి, ఆ శక్తంతా పగులు కట్టాల్సిందే. దారం పొడుగైతే పగులుకి ఖర్చెక్కువ, పొట్టిదైతే తక్కువ. కాబట్టి ముళ్ళు పెంచి గట్టి చేస్తే చిరుగు తేలికవుతుంది. మా నాన్న ప్రశ్నకి సగం జవాబు ఇదే. ట్రెడ్ గట్టిదనంలో కార్బన్ బ్లాక్ అనే నల్ల మసి పొడి వాటా కూడా ఉంటుంది, అది వేరే కథ, ఇక్కడ వదిలేస్తున్నా.

ఈ చిక్కుని నూటెనభై ఏళ్ళుగా రబ్బరు పనివాళ్ళందరూ మోస్తున్నారు. గట్టిదనం కావాలంటే చిరుగుకి సిద్ధపడాలి, చిరగకూడదంటే మెత్తదనానికి ఒప్పుకోవాలి. మోనెట్ సాధించిందేమిటని ఒక్క ముక్కలో అడిగితే నేను చెప్పేది, ఈ బేరాన్ని అణువుల దగ్గర తప్పించవచ్చని చేసి చూపించారు.

మోనెట్ పూర్తి పేరు సెంటర్ ఫర్ ద కెమిస్ట్రీ ఆఫ్ మాలిక్యులర్లీ ఆప్టిమైజ్డ్ నెట్‌వర్క్స్. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో 2018లో చిన్నగా మొదలై, 2021లో రెండో దశకి పెద్దదయింది. డ్యూక్ యూనివర్సిటీలో స్టీఫెన్ క్రెయిగ్ దీనికి పెద్ద. ఎంఐటీ, నార్త్‌వెస్టర్న్ లాంటి చోట్ల వాళ్ళు కలిసి పనిచేస్తారు. ఒకరికి అణువులు తయారుచెయ్యడం వచ్చు, ఒకరికి వాటిని లాగి కొలవడం వచ్చు, ఇంకొకరికి వల ఎలా ప్రవర్తిస్తుందో లెక్కగట్టడం వచ్చు.

2021లో సైన్స్ పత్రికలో వచ్చిన వాళ్ళ పేపరు మీరు చదవాలి. అందులో డ్యూక్, ఎంఐటీ, నార్త్‌వెస్టర్న్‌తో పాటు జపాన్ హొక్కాయిడో యూనివర్సిటీకి చెందిన జియాన్ పింగ్ గాంగ్ కూడా ఉన్నారు. మన ఇళ్ళల్లో ఎదిగే పిల్లకి పరికిణీ కుట్టించేటప్పుడు కింద మడతలు పెట్టి కుట్టిస్తారు. ఏడాది తిరిగాక ఒక కుట్టు విప్పితే నాలుగు వేళ్ళ పొడుగొస్తుంది. వీళ్ళు పాలిమర్ దారంలో అలాంటి మడతలే పెట్టారు. చిన్న చిన్న వలయాలు దారంలోనే దాచి ఉంటాయి. దారం తెగే స్థితికి వచ్చినప్పుడు, ఆ లాగుడుకే వలయాలు విచ్చుకుని దారం పొడుగవుతుంది. దారం 40 శాతం దాకా సాగింది. ఆ దారాలతో చేసిన హైడ్రోజెల్ (నీళ్ళు పట్టి ఉంచుకునే మెత్తని వల) మామూలు దానికన్నా 40 నుంచి 50 శాతం ఎక్కువ సాగింది, చింపడానికి రెట్టింపు శక్తి కావాల్సివచ్చింది. ఎవరూ బయటనుంచి ఏమీ చెయ్యలేదు. చింపబోయిన బలమే దాని కుట్టు విప్పింది.

అయితే నన్ను కుర్చీలోంచి లేపింది 2023 జూన్‌లో సైన్స్‌లోనే వచ్చిన పేపరు. క్రెయిగ్ బృందమూ, ఎంఐటీలో జెరెమయా జాన్సన్ బృందమూ కలిసి చేసింది. వాళ్ళు దారాలని ముట్టుకోలేదు. ముళ్ళు మార్చారు. అదీ బలమైన ముళ్ళు కాదు, తేలిగ్గా ఊడే ముళ్ళు. సైక్లోబ్యూటేన్ అనే నాలుగు కార్బన్ల వలయం పెట్టి కట్టిన ముళ్ళవి. మామూలు ముడి తెగడానికి కావలసిన బలంలో దాదాపు ఐదోవంతుకే విడిపోతాయి. ఎవరినడిగినా ముడి బలహీనమైతే వల త్వరగా చిరుగుతుందనే చెప్తారు. నేనూ అలాగే అనేదాన్ని. కానీ ఆ పదార్థం చిరుగుని తొమ్మిది రెట్ల దాకా ఎక్కువ తట్టుకుంది.

ఎందుకంటే పగులు ఎప్పుడూ తేలికైన దారే వెతుక్కుంటుంది. ముడి గట్టిదైతే పగులు ఎదురొచ్చిన దారాన్ని టక్కున తెంపి ముందుకుపోతుంది. ఒక దారం, ఇంకో దారం, అంతే. ముడి తేలిగ్గా ఊడేదైతే దారం తెగక ముందే ముడి ఊడుతుంది. ముడి ఊడినా దారం తెగలేదు కదా! పైగా ఇప్పుడు ఆ దారం ఇటు ముడికీ అటు ముడికీ మధ్య ఇంకా పొడుగైంది, లాగుడు ఇంకాస్త దూరం పంచుకుంది. పగులు ముందుకు పోవాలంటే ఇలాంటి ముళ్ళు ఒకదాని తర్వాత ఒకటి చాలా ఊడగొట్టుకుంటూ పోవాలి. ఒక్కో ముడికి ఖర్చు తక్కువే, మొత్తం కలిపితే మామూలు దానికన్నా ఎన్నో రెట్లు. దీనికి ఒక షరతుంది. అసలు దారాలు పొడుగ్గా, బలంగా ఉండి, ముళ్ళు వాటిని పక్కల నుంచి కలపాలి. బలహీనమైన బంధాన్ని దారం మధ్యలోనే పెడితే ఫలితం తిరగబడుతుంది, దారమే తెగిపోతుంది కాబట్టి. బలహీనతని ఎక్కడ పెట్టాలో తెలియడమే ఇక్కడి విద్య అంతా.

ఇందులో నాకు ఇంకో రెండు సంగతులు టైరు కళ్ళతో కనిపించాయి. ఒకటి, ఈ లాభం ఒక్కసారి లాగి చూసినప్పుడే కాదు, మళ్ళీ మళ్ళీ లాగి వదిలినప్పుడూ నిలిచింది. టైరు బతుకంతా అదే కదా, ప్రతి చుట్టుకీ నొక్కుడు, వదులు. రెండోది, రబ్బరుని చిరగకుండా చెయ్యడానికి పాత పద్ధతుల్లో చాలావరకు ఊడి మళ్ళీ అతుక్కునే మెత్తని బంధాలు వాడతారు. అవి లాగిన శక్తిని వేడిగా మింగేస్తాయి, తిరిగివ్వవు. ఈ పదార్థంలో ఆ మింగుడు లేదు. లోడుతో క్వారీ నుంచి ఒంగోలు దాకా వచ్చిన టిప్పర్ టైరు మీద చెయ్యి పెట్టి చూడండి, వేడంటే ఏమిటో తెలుస్తుంది. కేసింగ్, అంటే ట్రెడ్ కింద ఉండే టైరు ఒళ్ళు, పాడయ్యేది సగం ఆ వేడికే.

2025లో ఇదే ఆలోచనని కంప్యూటర్‌తో ముందుకి తీసుకుపోయారు. ఎంఐటీలో హీథర్ కూలిక్ బృందం ఫెర్రోసీన్లని పట్టుకుంది. రెండు కార్బన్ ఉంగరాల మధ్య ఒక ఇనుప పరమాణువు ఇరుక్కున్న అణువు అది. తయారుచేసి ఉన్న ఫెర్రోసీన్లు వేలల్లో ఉన్నాయి, ఒక్కోదాన్ని ముడిగా పెట్టి పరీక్షించాలంటే వారాలు పడుతుంది. కొన్ని వందల వాటికి లెక్కలు కట్టి, ఆ లెక్కలతో మెషిన్ లెర్నింగ్ మోడల్‌కి నేర్పి, మిగతావాటిలో ఏది తేలిగ్గా ఊడుతుందో దానిచేత చెప్పించారు. ఆ జాబితాలోంచి ఒకదాన్ని డ్యూక్‌లో నిజంగా తయారుచేసి యాక్రిలేట్ అనే ఒక రకం కృత్రిమ రబ్బరులో పెడితే, మామూలు ఫెర్రోసీన్ ముడి ఉన్నదానికన్నా దాదాపు నాలుగు రెట్లు చిరుగు తట్టుకుంది. మీరు బీఎస్సీలో ఉన్నారు కాబట్టి చెప్తున్నా, కెమిస్ట్రీతో పాటు కాస్త పైథాన్ కూడా నేర్చుకోండి.

ఆ సెంటర్‌లోని వాళ్ళు విడిగా చేసినవి ఇంకా ఉన్నాయి. జాన్సన్, ఎంఐటీలోనే పనిచేసే బ్రాడ్లీ ఓల్సెన్ ఇద్దరూ సెంటర్ పుట్టకముందే, 2012లోనూ 2016లోనూ, వలలో రెండు కొసలూ ఒకే ముడికి కట్టుకున్న ఉత్త ఉచ్చుల్ని లెక్కపెట్టే పద్ధతి కనిపెట్టి, అవి వల బలాన్ని ఎంత తగ్గిస్తాయో చూపించారు. బరువు మొయ్యని దారమన్నమాట. జాన్సన్ బృందం 2020లో నేచర్ పత్రికలో ఇంకొకటి చూపించింది. కరగని గట్టి ప్లాస్టిక్‌లో పదోవంతు దాకా ఒక తెగే భాగం కలిపితే, గట్టిదనం పోకుండానే పని అయిపోయాక దాన్ని ద్రవంలో కరిగించి మళ్ళీ వాడుకోవచ్చని. షాపు వెనక కుప్పపడిన పాత టైర్లు చూస్తూ పెరిగినదాన్ని, ఇది చదివినప్పుడు చాలాసేపు అలాగే కూర్చుండిపోయా.

మన వైపు వాళ్ళకి పనుందా అన్నారు. శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలో కలిసింది గానీ అంతదాకా మన నెల్లూరు జిల్లానే. అక్కడ పీఎస్ఎల్వీ, ఎల్వీఎం3 రాకెట్ల ఘన ఇంధనం మోటార్లలో పోసేది ఒక పాలిమర్ నెట్‌వర్కే. హెచ్‌టీపీబీ అనే చిక్కటి రబ్బరు ద్రవంలో అమోనియం పెర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి కలిపి, ముళ్ళు పడే మందు వేసి, పోసి పండిస్తారు. ఎల్వీఎం3కి రెండు పక్కలా ఉండే ఒక్కో ఎస్200 మోటారులో సుమారు 200 టన్నులు. అంత పెద్ద రబ్బరు ముద్దలో పగులొస్తే మంట ఆ పగుల్లోకి దూరి మండే ఉపరితలం పెరిగిపోతుంది, లోపల ఒత్తిడి హద్దు దాటుతుంది. పగులు ఎక్కడ మొదలవుతుంది, ఎలా ఆగుతుంది అన్నది మనకి ఎక్కడో దూరాన ఉన్న విషయం అనుకోకండి.

టైర్ల సంగతికొస్తే, రేపే చీమకుర్తి టిప్పర్లకి ఈ రబ్బరు వస్తుందని నేను చెప్పను. వాళ్ళు చేసి చూపించింది యాక్రిలేట్ రబ్బర్లలో, జెల్‌లో. మన ట్రెడ్‌లో సహజ రబ్బరు, గంధకం, కార్బన్ బ్లాక్ ఉంటాయి. అచ్చులో పెట్టి పండించేటప్పుడు 150 డిగ్రీల దాకా వేడి ఉంటుంది. ఆ వేడిని తట్టుకుని నిలబడే, లాగుడుకి మాత్రమే ఊడే, కిలోల లెక్కన చవగ్గా దొరికే ముడి కావాలి. అదంతా ఇంకా చెయ్యాల్సిన పని.

కిందటి సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాన్నకి ఇదంతా చెప్పా. కాగితం మీద వల గీసి, ముళ్ళు ఎర్ర పెన్నుతో దిద్ది చూపించా. ఆయన చాలాసేపు చూశాడు. "ఊడిన ముడి మళ్ళీ పడుతుందా?" అని అడిగాడు. ఇందులో పడదన్నాను. ఊడిన చోట ఊడిందే. బంధాలు తమ చోటు మార్చుకుంటూ ఉండే పదార్థాలు వేరే ఉన్నాయి, ఫ్రాన్స్‌లో లుడ్విక్ లైబ్లర్ బృందం 2011లో చూపించింది, వాటి కథ వేరు అన్నాను. ఆయన తల ఊపి, షాపులోకెళ్ళి ఒక పాత సైకిల్ ట్యూబు తెచ్చాడు.

అప్పుడు ఆయన చేసిందే మిమ్మల్నీ చెయ్యమంటున్నా, మీ ప్రాజెక్టుకి పనికొస్తుంది. ట్యూబుని నిలువునా కోసి, సెంటీమీటరు వెడల్పు పట్టీలు ఆరు తియ్యండి. మూడింటిని అలాగే ఉంచండి. మూడింటికి అంచున కొత్త బ్లేడుతో రెండు మిల్లీమీటర్ల గాటు పెట్టండి. ఒక కొస దూలానికి కట్టి, రెండో కొసకి ఖాళీ బకెట్ వేలాడదీసి, మగ్గు మగ్గుగా నీళ్ళు పొయ్యండి. ప్రతి మగ్గుకీ పట్టీ పొడుగు కొలిచి రాసుకోండి, గాటు ఉన్నవాటిలో గాటు లోతు కూడా. గాటు లేనిది ఎంత మోస్తుందో చూడటానికి నిండు బకెట్ కూడా చాలకపోవచ్చు. గాటు ఉన్నది మాత్రం మొదట కాసేపు నోరు తెరుచుకుని కూర్చుంటుంది, గుండ్రంగా, చేప నోరులాగా. ఆ నోటి మూలనే చూస్తూ ఉండండి, కళ్ళు తిప్పకండి. కాళ్ళు మాత్రం బకెట్‌కి దూరంగా పెట్టుకోండి.